పడవ వచ్చిన పని

2003 జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం మా నాయిన ఫిలింనగర్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "యాట్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు.

నేనప్పుడు అమీర్‌పేటలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో పనిచేసేదాన్ని. హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు వినడం, టైపు చేసి పంపడం, అంతే. యూసుఫ్‌గూడలో మా రెండు గదుల ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఏ కొత్త మాట ఇంటికొచ్చినా నా దగ్గరికే వచ్చేది. తెరచాప పడవ నాయినా, సరదాకి సముద్రాల్లో తిరిగేవాళ్లది అని చెప్పాను.

"గసుంటిదొకటి థాయిలాండ్ నుంచి వైజాగ్ వస్తున్నదంట. దాన్ని లోపలికి రానిచ్చే కాగితాలు నేను చూడాలంట," అన్నాడు. అప్పుడు చెప్పులు విప్పాడు.

మా నాయిన జంగయ్య ఇరవై రెండేళ్లుగా ఒకే సినిమా కంపెనీలో మేనేజర్. మేనేజర్లు చాలామంది ఉంటారు గాని పర్మిషన్ల దగ్గర నాయిన తర్వాతే ఎవరైనా. రైల్వే స్టేషన్, జైలు, కోట, శ్మశానం, ఎక్కడ షూటింగ్ కావాలన్నా ఆయన్నే పంపేవారు. చదివింది పదో తరగతి. ఆఫీసు తెరవకముందే వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు. ఫారం చేతికొస్తే అక్కడే రెండుసార్లు చదివేవాడు. అర్థంకాని మాట ఉంటే సిగ్గుపడకుండా అడిగేవాడు. అందుకే గుమాస్తాలకు ఆయనంటే ఒక మర్యాద.

కంపెనీ యజమాని సత్యనారాయణమూర్తి గారిది భీమవరం దగ్గర పల్లె. సైకిల్ మీద టీ కేన్లు మోసే నాయినను పిలిచి పనిలో పెట్టుకున్నది ఆయనే. మంజులత అని నాకు పేరు పెట్టిందీ ఆయనే. ఆ పడవ కథ కూడా ఆయన పిక్చర్ వల్లే వచ్చింది. పాట షూటింగుకు థాయిలాండ్ వెళ్లిన కెమెరామన్‌కు అక్కడ న్యూజిలాండ్ దంపతులు పరిచయమయ్యారు. డగ్లస్ అనే ఆయన రిటైరైన వడ్రంగి, పడవలు చేసినవాడు. ఆయన భార్య మార్గరెట్ బడి టీచరు. ఇద్దరూ ఇల్లు అమ్మేసి, ఒక తెరచాప పడవ కొనుక్కుని, దాంట్లోనే కాపురం చేస్తూ దేశాలు తిరుగుతున్నారు. ఎలాగూ అండమాన్ మీదుగా విశాఖపట్నం వస్తామనీ, రెండు రోజులు పడవ వాడుకోవచ్చుననీ, తమకు కాగితాల పనిలో సాయం చేస్తే చాలుననీ అన్నారట. కెమెరామన్ తెచ్చిన ఫొటోలు చూసి, హీరో మొదటి పాట మొత్తం దాని మీదే అని డైరెక్టరు తేల్చేశాడు.

ఫిబ్రవరి అంతా నేనూ నాయినా కృష్ణానగర్‌లోని ఇంటర్నెట్ సెంటర్లో గడిపాం. సినిమాల్లో వేషాల కోసం వచ్చినవాళ్లు ఫొటోలు స్కాన్ చేయించుకుంటుంటే, పక్క కుర్చీలో మేం మార్గరెట్‌కు ఉత్తరాలు రాసేవాళ్లం. నాయిన తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. పాస్‌పోర్టులు, వీసాలు, పడవ రిజిస్ట్రేషన్, పోర్ట్‌బ్లెయిర్‌లో బయల్దేరేటప్పుడు ఇచ్చే క్లియరెన్స్ కాగితం, పడవలో ఉన్నవాళ్ల జాబితా పది కాపీలు, బియ్యం దగ్గర్నుంచి మందుల దాకా, మద్యం సీసాల దాకా ఉన్న సరుకంతా ఒక పట్టీ. నాయిన మధ్యలో ఒకసారి విశాఖపట్నం వెళ్లి ఫారాలన్నీ తెచ్చాడు. అవన్నీ పెద్ద ఓడల ఫారాలు. ఎన్ని క్రేన్లున్నాయి, ఎన్ని టన్నుల సరుకుంది, ఎలుకలు లేవని సర్టిఫికెట్ ఉందా అని అడిగేవి. ఆ ఎలుకల సంగతి రాస్తే మార్గరెట్ జవాబిచ్చింది: మలేషియాలో ఒక ఎలుక ఎక్కింది, వారం రోజులు మా సబ్బులు తిని, నచ్చక దిగిపోయింది, సర్టిఫికెట్ మాత్రం అడగలేదు. చదివి వినిపిస్తే నాయిన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మర్నాడే పోర్టు హెల్త్ ఆఫీసుకు ఫోన్ చేసి, పడవ వచ్చాక వాళ్లే చూసి ఆ సర్టిఫికెట్ ఇచ్చేలా మాట్లాడాడు.

పరదేశపు పడవ మన దేశంలో ఏ రేవుకు వచ్చినా పసుపు జెండా ఎగరేసుకుని రేవు బయట నిలబడాలని ఆ నెలలోనే తెలుసుకున్నాం. హెల్త్ వాళ్లు, కస్టమ్స్ వాళ్లు, ఇమ్మిగ్రేషన్ వాళ్లు చూసి సరేనన్నదాకా దాంట్లోంచి ఎవరూ దిగకూడదు, బయటివాళ్లెవరూ ఎక్కకూడదు. అన్నం తింటూ నాయిన ఈ సంగతి చెబితే అమ్మ, "మంచిదే కద. ఎవరింటికైనా పోతే గుమ్మంల ఆగి పిలుస్తం గద," అంది. మా అమ్మ కౌసల్య నాయిన పని గురించి అన్న మంచి మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. పెళ్లయిన నాటి నుంచి ఔట్‌డోర్ అని నెలలకు నెలలు ఊళ్లు పట్టిపోయే మొగుడి మీద ఆమెకు కోపం లేకపోలేదు. చెప్పేది కాదు, అంతే.

మార్చి మొదటి వారంలో నేను సెలవు పెట్టి నాయినతో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మేం దిగిన రోజు పొద్దున్నే పడవ వచ్చి, పోర్టు వాళ్లు చూపించిన చోట లంగరు వేసుకుంది. ఒడ్డు నుంచి చూస్తే ఫొటోల్లోని పడవేనా అనిపించింది. మా ఇంటి రెండు గదులూ కలిపితే ఉన్నంత పొడవు. కమ్మీకి రెండు చొక్కాలు ఆరేసి ఉన్నాయి. తనిఖీ మర్నాడన్నారు.

ఆ మధ్యాహ్నం కస్టమ్స్ ఆఫీసులో సీతామహాలక్ష్మి గారు అనే సూపరింటెండెంటు, యాభై ఏళ్ల మనిషి, నాయిన ఇచ్చిన కాగితాలు ఒక్కొక్కటే చూసి, ఇంత శుభ్రంగా ఓడ కంపెనీల వాళ్లు కూడా తేరండీ అని మెచ్చుకున్నారు. పడవ యజమానికి ముందుగా వివరించి చెప్పమని షరతుల కాగితం ఒకటి ఇచ్చారు. వరండాలో బెంచీ మీద కూర్చుని దాన్ని నాయినకు చదివి చెప్పాను. నాలుగో షరతు దగ్గర నా నోరు ఆగింది.

పర్యాటకులు సొంతంగా తిరగడానికి తెచ్చుకున్న పడవ కాబట్టి సుంకం లేకుండా రానిస్తున్నాం, దాన్ని అద్దెకు గాని వ్యాపారానికి గాని వాడితే స్వాధీనం చేసుకుంటాం అని ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు ఏ పనీ చేయకూడదని కూడా ఉంది.

నాయిన మళ్లీ చదవమన్నాడు. ఈసారి నా మాటల్లో కాదు, ఉన్నది ఉన్నట్టు ఒక్కో మాటకు అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. సినిమా తీసుడు వ్యాపారం కిందికే వస్తదా అని అడిగాడు. వస్తదన్నాను. వేరే పర్మిషన్ ఉంటదేమో అని మళ్లీ లోపలికి వెళ్లి, మాటల్లో మాటగా అడిగి వచ్చాడు. ఉంటుంది, ఢిల్లీ నుంచి రావాలి, నెలలు పడుతుంది. ఏప్రిల్ దాటితే ఆ చిన్న పడవ బంగాళాఖాతంలో ఉండడమే ప్రమాదం.

రోడ్డవతల ఎస్టీడీ బూత్ నుంచి సత్యనారాయణమూర్తి గారికి ఫోన్ చేశాడు. ఇరుకు బూత్ కావడంతో ఆయన మాటలు నాకూ వినబడ్డాయి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వెనక రెండు పిక్చర్లు పోయాయి, హీరో ఈ నెల చివర్లో రెండు రోజులే ఇచ్చాడు, అవి పోతే మళ్లీ దసరా దాకా దొరకడు అని నాయినకు తెలిసినవే మళ్లీ చెప్పారు. చివర్లో, "వచ్చిన పని టూరిజం అని రాయించు జంగయ్యా. ఒడ్డుకి దూరంగా తీసుకుంటాం, ఎవరు చూస్తారు? వాళ్లకి ఇవన్నీ చెప్పి భయపెట్టకు," అన్నారు.

నాయిన "సరే సార్" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా అనే మాటే.

మర్నాడు పడవ తరఫు మనుషులుగా అనుమతి తీసుకుని పోర్టు వాళ్ల లాంచీలో మేమూ వెళ్లాం. హెల్త్ ఆఫీసరు ముందు ఎక్కి, వాళ్లిద్దరి నాలుకలూ కళ్లూ చూసి, బియ్యం డబ్బాలు తెరిపించి, మంచాల కింద టార్చి వేసి, ఎలుకలు లేవని సర్టిఫికెట్ అక్కడే రాసిచ్చారు. తర్వాత సీతామహాలక్ష్మి గారు, ఆవిడ వెనక నేను, నాయిన లోపలికి దిగాం. నేను లోపల ఏదో హోటల్ గదిలా ఉంటుందనుకున్నాను. పుస్తకాలు, ఉల్లిపాయల వల, గోడకు మనవల ఫొటోలు, పొయ్యి మీద కెటిల్. ప్రతి వస్తువుకూ కింద పడకుండా ఒక చిన్న తాడో కొక్కెమో ఉన్నాయి. డగ్లస్ ఆ బల్ల తను చెక్కిందేనని చెప్పాడు. మార్గరెట్ నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వేనా మంజు అంది. నెల రోజుల ఉత్తరాల వల్ల కొత్తగా అనిపించలేదు.

సీతామహాలక్ష్మి గారు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో గడీ అడిగి నింపుతున్నారు. నాయిన మెట్ల మీద కూర్చున్నాడు. ప్రతి ప్రశ్నకూ డగ్లస్ ఒకసారి నాయిన వైపు చూసి, ఆయన తలూపాక జవాబు చెబుతున్నాడు. సరుకు లేదు. ప్రయాణికులు లేరు. మద్యం తొమ్మిది సీసాలు. వాటిని అల్మరాలో పెట్టి సీలు వేశారు. తర్వాతి గడి, వచ్చిన పని ఏమిటి.

డగ్లస్ అలవాటు కొద్దీ నాయిన వైపు చూశాడు. నాయిన తల ఊపలేదు.

"బిడ్డా," అన్నాడు తెలుగులో, మామూలు గొంతుతోనే. "ఆయనకు చెప్పు. షూటింగ్‌కు ఇస్తే పడవ పట్టుకుంటరు. ఇయ్యకుంటే టూరిజం అని రాసుకోవచ్చు, గది నిజమే అయితది. రెండింట్ల ఏదో ఒకటే."

సీతామహాలక్ష్మి గారి పెన్ను ఆగింది. ఆవిడది విజయనగరం, ప్రతి మాటా అర్థమయ్యే ఉంటుంది. తల ఎత్తలేదు, కాగితం మీదే చూపు పెట్టి కూర్చున్నారు.  ఇంగ్లీషులో చెప్పాను. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకిది తెలియదు. తర్వాత మార్గరెట్, ఇలా చెప్పినందుకు మీ నాన్నకు ఇబ్బంది రాదా అని అడిగింది. నాయినకు చెప్పాను.

"గది ఈ ఫారంల లేదని చెప్పు," అన్నాడు.

డగ్లస్ కాసేపు ఆ బల్ల మీద చెయ్యి ఆనించి ఉంచాడు. టూరిజం అన్నాడు. సీతామహాలక్ష్మి గారు రాసుకుని కింది గడికి వెళ్లారు. మధ్యాహ్నానికి ఇమ్మిగ్రేషన్ ముద్రలు కూడా పడ్డాయి.

ఫోన్‌లో ఈసారి సత్యనారాయణమూర్తి గారు ఎక్కువ మాట్లాడలేదు. నాయిన చెప్పిందంతా విని, ఇక ఆఫీసుకు రానక్కర్లేదని చెప్పి పెట్టేశారు. నాయిన రిసీవర్ నెమ్మదిగా పెట్టి బయటికి వచ్చాడు. టీ తాగుదామా బిడ్డా అన్నాడు.

వైజాగ్ నుంచి వచ్చాక మార్చిలో ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్లడానికి చోటు లేక వాకిట్లో కూర్చునేవాడు. పంచదార డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు. అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం వడ్డిస్తూ, "ఎవరి కోసం చేసినవ్ గీ పని? వాళ్లు నీకేమన్న చుట్టాలా?" అని అడిగింది.

నాయిన ముద్ద కలుపుతూ, "నేను దాంట్లకు దిగి చూసిన," అన్నాడు. "గది పడవ గాదు, ఇల్లు. పొయ్యి ఉన్నది, మనవల ఫొటోలున్నయి. షూటింగ్ అయినంక మనం కార్లెక్కి వచ్చేస్తం. పట్టుకుంటే వాళ్ల ఇల్లు గాడనే ఉండిపోతది." ముద్ద కంచంలోనే పెట్టి, "నా చేతుల మీదికెళ్లి," అన్నాడు.

అమ్మ చారు గిన్నె ఆయన వైపు జరిపింది.

మూడో వారంలో డగ్లస్, మార్గరెట్ పడవను పోర్టు వాళ్ల అనుమతితో అక్కడే ఉంచి, రైలెక్కి మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. అమ్మ పప్పుచారు, వంకాయ కూర, సర్వపిండి చేసింది. మార్గరెట్ వంటింట్లోకే వెళ్లి పీట మీద కూర్చుంది. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవకపోయినా గంటసేపు మాట్లాడుకున్నారు. భోజనాలయ్యాక డగ్లస్ సినిమా స్టూడియో చూపించమన్నాడు. నాయిన కాసేపు తటపటాయించాడు. గేటు దాకా వెళ్లి చూద్దాం అన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పటిలాగే సలాం కొట్టి తలుపు తీశాడు.

ఫ్లోర్‌లో అడుగుపెట్టాక గాని మాకు తెలియలేదు, అక్కడ కడుతున్నది పడవ. నిజం పడవ దొరకలేదు గనక అదే పాటకు చెక్కతో సగం పడవ చేస్తున్నారు. వడ్రంగి మేస్త్రి భిక్షం, రహమత్ నగర్ మనిషి, నాయినను చూసి ఉలి కింద పెట్టి ఎదురొచ్చాడు. డగ్లస్ చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. తెరచాప స్తంభం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన మొహం మారింది. దాన్ని నిలబెట్టిన తాళ్లు తప్పుగా కట్టారట, మనిషి ఎక్కితే పక్కకు ఒరుగుతుందట. హీరో ఎక్కి పాడాల్సింది దాన్నే. డగ్లస్ చొక్కా చేతులు పైకి మడుచుకుని తాడు అందుకోబోయాడు.

నాయిన ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"నో వర్క్," అన్నాడు. "టూరిస్ట్."

భిక్షం, మిగతా పనివాళ్లు అర్థంకాక చూస్తుంటే నేను విడమర్చి చెప్పాను. అందరూ నవ్వారు, డగ్లస్ కూడా. నాయిన నవ్వలేదు. నోటితో చెప్పవచ్చా అని డగ్లస్ అడిగాడు. నాయిన నిజంగానే ఆలోచించి, చెప్పొచ్చు, చెయ్యి పెట్టొద్దు అన్నాడు. డగ్లస్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పింది నేను తెలుగు చేశాను, భిక్షం తాళ్లు విప్పి కట్టాడు. పని సగంలో ఉండగా వెనక్కి తిరిగితే సత్యనారాయణమూర్తి గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో.

ఆయన దగ్గరికి వచ్చి స్తంభాన్ని చేత్తో ఊపి చూశారు. కదల్లేదు. ముందు కట్టినట్టే ఉంటే పడేదేనా అని భిక్షాన్ని అడిగారు. పడేదే సార్ అన్నాడు భిక్షం. ఆయన నాయినను పక్కకు తీసుకెళ్లారు. అంత దూరం కాదు, నాకు వినబడింది.

"ఆ రోజు మాటకి బాధపడ్డావా?"

"లేదు సార్. మీ కష్టం నాకు తెలుసు."

"సోమవారం నుంచి షూటింగు. వచ్చెయ్. నీ కుర్చీ అలాగే ఉంది."

నాయిన మాత్రం, సోమవారం నాడు వీళ్ల పడవకు బయల్దేరే క్లియరెన్స్ తీసుకోవాలి, వీళ్లను పంపి ఆ తర్వాత వస్తానన్నాడు. అది పోర్టు వాళ్లు చూసుకుంటారు కదయ్యా, నాకు సోమవారమే మనిషి కావాలి అన్నారాయన. కావాలని పంతం పట్టినట్టు లేదు, నిజంగానే కావాలి.

"లోపలికి తెచ్చింది నేను సార్. బయటికి పంపాల్సింది కూడ నేనే గద," అన్నాడు నాయిన.

సత్యనారాయణమూర్తి గారు ఆయన మొహంలోకి చూశారు. ఇరవై రెండేళ్లలో నాయిన ఆయనకు ఎదురుగా కాదన్నది అదే మొదటిసారి అనుకుంటాను. సరేనని భుజం తట్టి, మార్గరెట్‌కు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ కుర్చీలోకి వేరే ఆయన వచ్చాడని వారం తర్వాత విన్నాం.

ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే అమ్మ ఏమంటుందోనని నాకు భయం. అమ్మ విని, ఎన్ని రోజుల పని అని అడిగింది. మూడు రోజులన్నాడు నాయిన. "నేను కూడ వస్త. నేను సముద్రం చూడలేదు," అంది. ఆయన ఎన్ని ఊళ్లకు వెళ్లినా, ఆమె వస్తానని అడిగిందీ లేదు, ఈయన రమ్మన్నదీ లేదు.

బయల్దేరే క్లియరెన్సుకు మళ్లీ అన్ని ఆఫీసులూ. పోర్టుకు, హెల్త్‌కు, ఇమ్మిగ్రేషన్‌కు తిరిగి, చివరకు కస్టమ్స్. అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. సీతామహాలక్ష్మి గారు సీసాల సీలు సరిచూసిన కాగితం జత చేసుకుని, ఫారం కిందిదాకా వచ్చి ఆగారు. పడవ తరఫున కాగితాలు నడిపే ఏజెంటు పేరు అనే గడి ఖాళీగా ఉంది. వచ్చినప్పుడు అక్కడ సినిమా కంపెనీ పేరు రాశాం.

"ఇప్పుడు నేను కంపెనీ మనిషిని కాదు మేడమ్," అన్నాడు నాయిన. "ఎవరూ లేరని రాసుకోండి."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ రోజు పడవలో మీరు తెలుగులో చెప్పారు. నేను వింటున్నానని మరిచిపోయారాండీ?"

"వింటున్నరని తెలిసే చెప్పిన మేడమ్," అన్నాడు నాయిన.

ఆవిడ ఆయన్ని ఇంకోసారి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ గడిలో నాయిన పేరు తనే రాసి, సంతకానికి కాగితం ఆయన వైపు తిప్పారు. నాయిన అలవాటు ప్రకారం దాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి అప్పుడు సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం పడవ వెళ్లిపోయింది. అమ్మ తెరచాప కనిపించినంతసేపూ ఒడ్డునే నిలబడింది.

ఉగాది తర్వాత నాయిన చిన్న కంపెనీలకు రోజువారీ పనులు చేశాడు, భిక్షంతో కలిసి సెట్లకు తిరిగాడు. కష్టంగానే గడిచింది. ఆ డిసెంబరులో నా మెయిల్‌కు ముక్కూమొహం తెలియని ఫ్రెంచి వాళ్ల ఉత్తరం వచ్చింది. శ్రీలంకలో మార్గరెట్ అనే ఆవిడ ఈ చిరునామా ఇచ్చిందనీ, ఫిబ్రవరిలో తమ పడవ వస్తుందనీ, దాని వెనక ఇంకో రెండు ఉన్నాయనీ రాశారు. పైన 'జంగయ్య గారికి, ఏజెంటు, విశాఖపట్నం' అని ఉంది.

ప్రింటు తీసుకుని ఇంటికెళ్లి చదివి వినిపించాను. నాయిన గోడకు ఆనుకుని కూర్చుని, తను విశాఖపట్నంలో ఉండడనీ, ఏజెంటు కూడా కాడనీ ముందే వాళ్లకు సరిగ్గా రాయాలన్నాడు. ఏమని రాయాలో చెప్పమని నేను పెన్ను తీశాను. ఆయన ఆలోచిస్తూ ఉండగానే అమ్మ స్టూలెక్కి, అటక మీది సూట్‌కేసు దించి, కొంగుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.